థాయ్ వంటిల్లు, తెలుగు వాటా

1993లో కాలిఫోర్నియాలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా ఆఫీసులో ఉన్న నలుగురు తెలుగువాళ్ళం ప్రతి శుక్రవారం మధ్యాహ్నం తప్పనిసరిగా వెళ్ళే చోటు ఒకటుండేది. ఇండియన్ హోటలేమో అనుకునేరు, కాదు. ఒక లాండ్రీకీ, ఒక డోనట్ల కొట్టుకీ మధ్య ఇరుక్కున్న థాయ్ రెస్టారెంటు. వడ్డించే అమ్మాయి "కారం ఎంత? ఒకటి నుంచి అయిదు" అని అడిగేది. మేం అయిదు అనేవాళ్ళం. "అమెరికన్ అయిదా, థాయ్ అయిదా?" అని నవ్వేది. మాలో గుంటూరు నుంచి వచ్చినతను "గుంటూరు అయిదు" అని తెలుగులోనే చెప్పి, తర్వాత ముక్కు తుడుచుకుంటూ తినేవాడు. అన్నం దొరికేది, కారం దొరికేది, అయిదు డాలర్లకి కడుపు నిండేది. ఆ రోజుల్లో మాకు దగ్గర్లో ఉన్న ఇండియన్ బఫేల్లో నాన్ రొట్టె, ఎర్రరంగు కోడి తప్ప మన నాలుకకి తెలిసినదేదీ ఉండేది కాదు.

సరిగ్గా పదేళ్ళకి, 2003లో, అలాంటి కొట్టుకే నేను సగం యజమానినయ్యాను. తర్వాత రెండోది పెట్టాం. మూడోది పెట్టి చేతులు కాల్చుకున్నాను. కన్వెన్షన్లకి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు కాఫీ కప్పుతో నా పక్కన చేరి, "రెస్టారెంటు పెడదామనుకుంటున్నామండీ, నలుగురు ఫ్రెండ్సు కలిసి" అంటూ మొదలుపెడతారు. వాళ్ళకి అయిదు నిమిషాల్లో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. నా అనుభవం ఒక్కటే చెబితే అది సొంత గోడు అవుతుంది. థాయ్‌వాళ్ళు ఈ దేశంలో ఎలా పొయ్యి వెలిగించారో నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. ముందే తెలిసి ఉంటే కొన్ని తప్పులు చేసేవాణ్ణి కాదు.

ముందు మిరపకాయ సంగతి. మన గుంటూరుకైనా, వాళ్ళ బ్యాంకాక్‌కైనా మిరపకాయ సొంతం కాదు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు 1510లో గోవా పట్టుకున్నారు, ఆ మరుసటేడే సయాం రాజధాని అయుత్థయకి దూతని పంపారు. అమెరికా ఖండపు మిరపకాయ అలా ఓడలెక్కి రెండు చోట్లకీ చేరింది. అంతకు ముందు కారమంటే ఇద్దరికీ మిరియమే. మన "మిరప"లో "మిరియం" వినిపిస్తుంది కదా, థాయ్ భాషలో కూడా మిరపకాయని "ప్రిక్" అంటారు, మిరియాన్ని మాత్రం "ప్రిక్ థాయ్" అంటారు. అంటే మనది, పాతది అని. కొత్తగా వచ్చినవాడు పేరంతా లాక్కున్నాడు, పాతవాడు తోక తగిలించుకుని తిరుగుతున్నాడు. ఇది నాకు చెప్పింది మా రెస్టారెంటు వంటావిడ. ఆవిణ్ణి అందరం "పీ" అని పిలిచేవాళ్ళం. థాయ్‌లో అక్కనైనా అన్ననైనా అలాగే పిలుస్తారు. నాకన్నా ఆరేళ్ళు పెద్ద.

అమెరికాలో థాయ్ వంట కథ మొదలయ్యేది మన కథ మొదలైన చోటే. 1965లో అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన ఇమిగ్రేషన్ చట్టం ఆసియావాళ్ళకి తలుపు తీసింది. ఆ తలుపులోంచే మన డాక్టర్లూ ఇంజనీర్లూ వచ్చారు, 1977లో తానా పుట్టింది. అదే తలుపులోంచి థాయ్ నర్సులు, విద్యార్థులు వచ్చారు, ఎక్కువమంది లాస్ ఏంజిలిస్ చేరారు. దానికి తోడు వియత్నాం యుద్ధం. 1960ల చివర్లో థాయిలాండ్‌లోని స్థావరాల్లో దాదాపు 50,000 మంది అమెరికన్ సైనికులుండేవారు. సెలవులకి వచ్చేవాళ్ళు వేరే. వాళ్ళంతా ఆ రుచి నాలుక మీద పెట్టుకుని ఇంటికొచ్చారు. ఒహాయోలోనో టెక్సస్‌లోనో ఎవరైనా థాయ్ కొట్టు తెరిస్తే మొదటి గిరాకీ వాళ్ళే. మన పులుసు కోసం తపించే అమెరికన్ సైన్యం మనకి లేదు. యుద్ధం లేకపోవడం మంచిదే, కానీ వ్యాపారంలో అది తేడాయే.

విద్యార్థులుగా వచ్చినవాళ్ళలో కొందరు చదువుతూనే వంటిళ్ళలో పనిచేసి, తర్వాత సొంతంగా కొట్లు పెట్టారు. వాళ్ళకొచ్చిన మొదటి చిక్కు సరుకులు. దుంపరాష్ట్రం లేదు, నిమ్మగడ్డి లేదు, మక్రూత్ నిమ్మాకు లేదు. (దుంపరాష్ట్రం అంటే మన ఆయుర్వేదం కొట్లో ఉండే వేరే. వాళ్ళ టామ్ యమ్ పులుసుకి ప్రాణం అదే. మన పిల్లలు అల్లం ముక్క అనుకుని కొరికి ఉమ్మేస్తారు.) చింతపండు దొరక్క పాడ్ థాయ్‌లో టొమాటో కెచప్ పోసేవారు. ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో ఆ ఎర్రటి నూడుల్సే పాడ్ థాయ్ అనుకుంటారు. 1970ల మొదట్లో లాస్ ఏంజిలిస్‌లో ప్రమోత్ తిలకమోన్‌కుల్ అనే ఆయన బ్యాంకాక్ మార్కెట్ అనే కిరాణా కొట్టు తెరిచారు. డబ్బాల్లో కొబ్బరిపాలు, చేపల నీళ్ళు, కూరముద్దలు తెప్పించారు. రెస్టారెంట్లన్నీ ఆ కొట్టు చుట్టూ పెరిగాయి. 2019లో అది మూతపడినప్పుడు పీ రెండు రోజులు ముభావంగా ఉంది.

పాడ్ థాయ్ కూడా ప్రాచీనమైనదేమీ కాదు. 1938 నుంచి 1944 దాకా ప్రధానిగా ఉన్న ఫిబూన్ సోంగ్‌ఖ్రామ్ దేశం పేరు సయాం నుంచి థాయిలాండ్‌గా మార్చినవాడు. ఎలాంటి బట్టలు కట్టాలో, ఏం తినాలో కూడా సర్కారే చెప్పేది. యుద్ధకాలంలో నూడుల్స్ తినండని ప్రచారం చేసింది. చైనావాళ్ళ నూడుల్సుకి చింతపండు, తాటిబెల్లం తగిలించి ఆ దేశపు పేరు పెట్టారు. జాతీయ వంటకం ఒక ప్రభుత్వ పథకంగా పుట్టొచ్చని అప్పుడు వాళ్ళు నేర్చుకున్నారు. అరవై ఏళ్ళ తర్వాత ఆ పాఠాన్ని మళ్ళీ వాడారు. ఆ సంగతికి వస్తాను.

1980లు, 90ల్లో థాయ్ కొట్లు ఇంటి పక్క స్ట్రిప్ మాల్‌లోకి పాకాయి. ఇందులో ఓ కిటుకుంది. కొత్తగా రెస్టారెంటు కట్టాలంటే ఖర్చంతా పొయ్యి మీద పొగ పీల్చే హుడ్‌కీ, దాని గొట్టానికీ, నేలకింద జిడ్డు పట్టే తొట్టికీ పోతుంది. అవన్నీ ముందే ఉన్న, దివాలా తీసిన పీజ్జా కొట్టో చైనీస్ కొట్టో చూసుకుని దిగితే సగం ఖర్చు మిగిలిపోతుంది. గోడకి రంగు, ఒక బుద్ధుడి పటం, రాజుగారి పటం, అంతే. మా మొదటి కొట్టు అంతకు ముందు చైనీస్ బఫే. ఆ వాసన పోవడానికి మూడు నెలలు పట్టింది.

ఈ కథంతా నవ్వులాట కాదు. 1995 ఆగస్టు 2న లాస్ ఏంజిలిస్ పక్కన ఎల్ మాంటేలో ఒక అపార్ట్‌మెంటు సముదాయం మీద అధికారులు దాడిచేసి, ముళ్ళకంచె వెనక బట్టలు కుడుతున్న 72 మంది థాయ్ కార్మికుల్ని విడిపించారు. కొందరు ఏళ్ళ తరబడి బయటి వీధి చూడలేదు. పాస్‌పోర్టులు యజమానుల దగ్గరుండేవి. ఆ సంఘటన తర్వాత థాయ్ సమాజం గట్టిగా కూడింది. 1999 అక్టోబరులో నగర కౌన్సిల్ హాలీవుడ్ బులివార్డ్‌లో కొంత మేరకి "థాయ్ టౌన్" అని పేరు పెట్టింది. పీ ఆ ఎల్ మాంటే విషయం ఎప్పుడూ తనంతట తను ఎత్తేది కాదు. ఒక్కసారి మాత్రం ఎత్తింది, నాతోనే.

ఇప్పుడు సర్కారు సంగతి. 2001, 2002 ప్రాంతంలో థాయ్ ప్రభుత్వం "గ్లోబల్ థాయ్" అనే పథకం మొదలుపెట్టింది. అప్పటికి ప్రపంచంలో థాయ్ రెస్టారెంట్లు సుమారు 5,500. వాటిని 8,000 చేయాలన్నది లక్ష్యం. ప్రభుత్వమే మూడు నమూనాలు గీసింది: చవకగా, తొందరగా తినిపోయేవాళ్ళకి "ఎలిఫెంట్ జంప్", మధ్యరకానికి "కూల్ బేసిల్", దర్జాగా కావాలంటే "గోల్డెన్ లీఫ్". వంటవాళ్ళకి శిక్షణ, పెట్టుబడికి బ్యాంకు రుణాలు, బాగా నడిపినవాళ్ళకి "థాయ్ సెలెక్ట్" అనే గుర్తింపు. మూడు వేల కొట్ల సర్కారీ గొలుసు పెట్టాలన్న ఆలోచన అనుకున్నట్టు సాగలేదు, కానీ విడివిడి కొట్లు పెరిగాయి. 2018 నాటికి ప్రపంచంలో 15,000 దాటాయి, అమెరికాలోనే 5,000 పైగా. ఈ దేశంలో ఉన్న థాయ్‌వాళ్ళు సుమారు మూడు లక్షలే. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 2017 నాటికే నాలుగు లక్షలు దాటారు. 2003లో నేను వెతికితే, బోర్డు మీద "ఆంధ్ర" అని రాసిన హోటల్ మా కౌంటీలో ఒక్కటి కూడా కనపళ్ళేదు. పెట్టినవాళ్ళు కూడా "ఇండియన్" అనో "ఉడిపి" అనో రాసుకునేవారు. బిర్యానీ గొలుసుకొట్లు వచ్చాకే మన పేరు బోర్డెక్కింది. మన గోంగూరకి ఏ ప్రభుత్వమూ నమూనా గీయలేదు, మనమూ అడగలేదు.

థాయ్‌వాళ్ళకున్న ఇంకో వెసులుబాటు వీసాది. ఇది మన ఇన్వెస్టర్ మిత్రులు జాగ్రత్తగా చదవాలి. అమెరికాకీ థాయిలాండ్‌కీ 1966లో కుదిరిన ఒప్పందం 1968లో అమల్లోకి వచ్చింది. దానివల్ల థాయ్ పౌరులు ఇ-2 అనే ఇన్వెస్టర్ వీసాకి అర్హులు. భారతదేశానికి అలాంటి ఒప్పందం లేదు. కంపెనీలో కనీసం సగం వాటా థాయ్ పౌరులదైతే, ఆ పనిలో నైపుణ్యం ఉన్న థాయ్ వంటవాణ్ణి కూడా ఆ దారిలోనే తెచ్చుకోవచ్చు. గ్రీన్ కార్డు తీసుకున్నవాళ్ళ వాటా ఆ లెక్కలోకి రాదు. మన సాఫ్ట్‌వేర్‌వాళ్ళకి హెచ్-1బి ఎంతో, థాయ్ వంటింటికి ఇ-2 అంత.

2001లో నా ఉద్యోగం పోయింది. అది ఎందరికో పోయిన ఏడాదే, ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది లేదు. మళ్ళీ దొరికింది గానీ ఉద్యోగం మీద నమ్మకం దొరకలేదు. మేం శుక్రవారాలు వెళ్ళే కొట్టు అమ్మకానికొచ్చింది. అక్కడి వంటావిడే పీ. ఆవిడకి గ్రీన్ కార్డుంది, డబ్బు లేదు. బ్యాంకాక్‌లో ఉన్న వాళ్ళన్నయ్య సగం పెట్టాడు, నేను సగం పెట్టాను. పాత కొట్టు లీజు కుదరక రెండు మైళ్ళ అవతల ఆ చైనీస్ బఫే తీసుకున్నాం. వంటకి పీ, బెంచీల దగ్గర మా ఆవిడ, లెక్కలకి నేను. వోక్ పొయ్యి మీదకి ఇసాన్ ప్రాంతం నుంచి ఒక కుర్రాణ్ణి ఇ-2 మీద తెచ్చుకున్నాం.

లంచ్ స్పెషల్ 5.95 డాలర్లు, సూపుతో సహా. నూరు డాలర్లు వస్తే ముప్పై సరుకులకి, ముప్పై జీతాలకి, పది లోపు అద్దెకి పోవాలి. మిగతాదాంట్లో గ్యాసు, కరెంటు, ఇన్సూరెన్సు, విరిగిన ఫ్రిజ్జు పోగా అయిదో ఆరో మన చేతికొస్తుంది. ఈ లెక్క పలకమీద రాసి గోడకి తగిలించాను. పీ దాన్ని ఎప్పుడూ చదవలేదు, కానీ రొయ్యల్ని లెక్కపెట్టి వేసేది, ప్లేటుకి అయిదు.

మనవాళ్ళు బాగా వచ్చేవారు. వాళ్ళ ప్రశ్నలు పీకి కంఠతా వచ్చేశాయి. "ఎగ్ లేదు కదా? ఫిష్ సాస్ లేదు కదా?" నిజానికి కూరముద్దలోనే రొయ్యపొడి ముద్ద ఉంటుంది. 2004లో పీ మనవాళ్ళ కోసమే రొయ్యలు లేని ముద్ద వేరే రోట్లో నూరడం మొదలుపెట్టింది. రోలు కూడా వేరే. అడిగితే, "గుడికి వెళ్ళి వచ్చి తింటారు, అబద్ధం చెప్పకూడదు" అంది. ఇంకోటి, తులసి. వాళ్ళ కప్రావ్ అచ్చంగా మన తులసే. దాన్ని కోడిమాంసంతో వేయించి పెడతారు. మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు వంటింట్లో గుత్తులు గుత్తులుగా తులసి చూసి చేతులు జోడించింది, తర్వాత దాన్ని ఏం చేస్తున్నారో చూసి బయటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా అమ్మా, పీ భాష లేకుండానే స్నేహితులయ్యారు. అమ్మ మా పెరట్లోంచి కరివేపాకు పిలక ఇచ్చింది, పీ మక్రూత్ నిమ్మ మొక్క ఇచ్చింది.

ఈ రెండు మొక్కలకీ ఒకటే జాతకం. నిమ్మజాతి తెగుళ్ళ భయంతో అమెరికా ప్రభుత్వం మక్రూత్ ఆకుని బయటినుంచి రానివ్వదు. కరివేపాకుదీ అదే గతి, అది కూడా ఆ పురుగుకి ఆతిథ్యమిచ్చే చెట్టే. మన సూట్‌కేసుల్లో పట్టుబడ్డ కరివేపాకు, వాళ్ళ సూట్‌కేసుల్లో పట్టుబడ్డ నిమ్మాకు ఎయిర్‌పోర్టులో ఒకే చెత్తబుట్టలోకి పోతాయి. 2008లో ఆ పురుగు కాలిఫోర్నియాలోనే కనపడింది, 2012లో తెగులు కూడా. అప్పట్నుంచి మొక్కలు ఇచ్చిపుచ్చుకోవడానికీ ఆంక్షలొచ్చాయి. మావి అంతకు ముందే చేతులు మారాయి.

2007లో రెండో కొట్టు పెట్టాం, ఎనిమిది మైళ్ళ దూరంలో. అదే కంపెనీ, అవే వాటాలు. కూరముద్దలు మొదటి వంటింట్లోనే నూరి పొద్దున్నే వ్యాన్‌లో పంపేవాళ్ళం. మరుసటేడు మార్కెట్ కూలింది. ఖరీదైన చోట్లు ఖాళీ అయ్యాయి గానీ ఆరేడు డాలర్ల భోజనానికి జనం తగ్గలేదు. అదంతా నా తెలివనుకున్నాను.

2012లో మూడోది. ఇంకో ముప్పై మైళ్ళు, కొత్త మాల్, గాజు తలుపులు. ఇద్దరు తెలుగు మిత్రులు డబ్బు పెడతామన్నారు. కొత్త కంపెనీ పెట్టాను, అందులో పీ అన్నయ్య లేడు. ఆయన దగ్గర అంత డబ్బు సర్దుబాటు కాదని మిత్రులకి చెప్పాను. నిజం చెప్పాలంటే నేను ఆయన్ని అడగనే లేదు. పీ ఒక రాత్రి కొట్టు కట్టేశాక అడిగింది: "కొత్తదాంట్లో మా పేరు ఉందా?" మనం మనం చూసుకుందాంలే, నీ వాటా నీకు ఇస్తాను అన్నాను. అప్పుడు ఎల్ మాంటే విషయం ఎత్తింది. "వాళ్ళకి కూడా నోటితోనే చెప్పారు" అంది. నాకు కోపం వచ్చింది. నన్ను ఎవరితో పోలుస్తున్నావ్ అన్నాను. ఆవిడ వోక్ కడగడం మొదలుపెట్టింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

లీజు మీద సంతకం అయ్యాక లాయరు చెప్పాడు, ఈ కంపెనీలో థాయ్ వాటా లేదు కాబట్టి దీనికి ఇ-2 వంటవాడు రాడని. ఉన్న కుర్రాడు మొదటి కంపెనీ మనిషి, ఇక్కడ పనిచెయ్యడానికి వీల్లేదు. దాంతో పీనే అక్కడికి తీసుకెళ్ళాను. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఆవిడ ఎక్కడైనా చెయ్యొచ్చు. రోజూ అరవై మైళ్ళు, రాను పోను. మూడు వారాల్లో మొదటి కొట్టు పాత గిరాకీలు అడగడం మొదలుపెట్టారు, వంటావిడ మారిందా అని. కూరముద్ద అదే, కొలతలు అవే. పులుసు దించే ముందు రుచి చూసి అరచెంచా చింతపండు రసం పోసే చెయ్యి అక్కడ లేదు. ఆ అరచెంచా నా పలకమీద లెక్కల్లో ఎక్కడా లేదు.

అదే రోజుల్లో నేను పోర్ట్‌లాండ్‌లోని పాక్ పాక్‌ని చూపించి మిత్రుల్ని ఒప్పించాను. ఆండీ రికర్ అనే అమెరికన్ 2005లో ఇంటి దగ్గర పాకలా మొదలుపెట్టి, 2011లో జేమ్స్ బేర్డ్ అవార్డు గెలిచి, 2012లో న్యూయార్క్ వెళ్ళాడు. మేం మూసేసిన తర్వాత 2015లో ఆయన లాస్ ఏంజిలిస్ కూడా వచ్చాడు. 2017లో అది మూతపడింది, 2018లో న్యూయార్క్‌ది, 2020లో అన్నీ. లండన్‌లో రోజాస్ థాయ్ మాత్రం ఇంకో రకంగా నడిచింది. సైఫిన్ మూర్ అనే ఆవిడ సంతలో బల్లతో మొదలుపెట్టి, 2008లో స్పిటల్‌ఫీల్డ్స్‌లో మొదటి రెస్టారెంటు తెరిచింది. ఒకదాని తర్వాత ఒకటి పెంచుకుంటూ పోయింది, 2018లో పెద్ద పెట్టుబడి వచ్చేనాటికి వంటిల్లు ఆవిడ చేతిలోనే ఉంది.

మా మూడోది 2014లో మూశాం. లీజుకి నా సొంత హామీ ఉంది కాబట్టి మిగిలిన అద్దె ఇంటి మీద అప్పు తీసి కట్టాను. మిత్రుల్లో ఒకాయన ఇప్పటికీ కన్వెన్షన్లో కనపడితే పలకరిస్తాడు, ఒకాయన పలకరించడు. పీ కుడి మణికట్టుకి ఆపరేషనయింది. అది నూరడం వల్లా, స్టీరింగ్ పట్టుకోవడం వల్లా అని డాక్టరు తేల్చలేదు. ఆవిడా నన్ను అనలేదు.

2020 మార్చిలో భోజనాల గది మూసేయమన్నారు. డబ్బాల్లో కట్టిచ్చే వంట కాబట్టి మొదటిది నిలబడింది. రెండోది ఆఫీసుల మధ్యలో ఉండేది, ఆఫీసులే లేకపోయాయి. ఆ జూన్‌లో తాళం పెట్టాం. 2021లో నా సగం పీ కుటుంబానికి ఇచ్చేశాను. ధర నేను చెప్పలేదు, ఆవిణ్ణే రాయమన్నాను. ఆవిడ రాసింది నేననుకున్నదానికన్నా ఎక్కువే. కాగితం మీద నాలుగు చోట్ల సంతకాలు పెట్టించి, కాపీ నాకొకటి ఇచ్చి, రెండోది అక్కడే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది.

శుక్రవారాలు ఇప్పటికీ వెళ్తాను. ఇసాన్ కుర్రాడు ఇప్పుడు నడివయసువాడు, పెద్ద వంటవాడు. పీ గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది, పులుసు దించేముందు మాత్రం లేచి వెళ్తుంది. మనవాళ్ళ రోలు అలమరలో పక్కనే ఉంది. లంచ్ 14.95 అయింది. నా దగ్గర పూర్తి డబ్బు తీసుకుంటుంది, చిల్లర లెక్కపెట్టి ఇస్తుంది. పోయినసారి వెళ్ళినప్పుడు మా అమ్మ ఇచ్చిన కరివేపాకు చెట్టు పూసిందని వెనక తలుపు తీసి చూపించింది.